రెండో గడిలో నంబరు

ఈ సంగతి నేను రాయకపోతే, జనం చెప్పుకునే మాటే నిజంగా మిగిలిపోతుంది. మా అక్కవాళ్ల ఊళ్లోనూ, అరకు సంతలోనూ ఇప్పటికీ అంటారు: ఫలానా అమ్మాయి నర్సు కాకుండా పోవడానికి వాళ్ల మేనమామ ఇంట్లో కంప్యూటర్‌లో వచ్చిన పాడుబొమ్మలే కారణమని. కొందరు అక్కడితో ఆగరు. ఆ బొమ్మలు మేనమామే తెప్పించుకునేవాడని కూడా అంటారు. ఆ మేనమామని నేను. ఆ బొమ్మలు మా ఇంట్లోకి రాకుండా ఆపడానికి నేను పడిన పాట్లు ఎవరికీ తెలియవు. చెప్పబోతే వినే ఓపిక ఎవరికీ లేకపోయింది. కనీసం ఒకచోటైనా ఇది సరిగ్గా ఉండాలని రాస్తున్నాను. పేర్లు రాయను. అందరూ ఇంకా ఈ కొండల్లోనే ఉన్నారు, రేపు సంతలో నాకు ఎదురుపడేవాళ్లే.

నేను బడిలో చదివింది పదో తరగతి దాకానే. ఆ తర్వాత నన్ను చదివించింది అరకులోని శాఖా గ్రంథాలయం. తొంభైల్లో అది రెండు గదుల రేకుల కొట్టం. వానాకాలమంతా పుస్తకాలకు బూజు పట్టేది. అట్ట తెరిస్తే తుమ్ములు వచ్చేవి. కాఫీ నర్సరీలో స్టోర్ కీపర్‌గా చేరిన కొత్తలో, పని దిగగానే అక్కడికి వెళ్లి తాళం వేసేదాకా కూర్చునేవాణ్ణి. నవలలు అయిపోయాక వైద్యం, వైద్యం అయిపోయాక రేడియో మరమ్మతు, అదీ అయిపోయాక విజ్ఞాన సర్వస్వం. అందులో కొన్ని సంపుటాలు ఎవరో పట్టుకుపోయారు. ఆ సంపుటాల్లో ఉండాల్సిన విషయాలు నాకు ఇప్పటికీ సరిగ్గా తెలియవు, మిగతావన్నీ తెలుసు. నిఘంటువు పక్కన పెట్టుకుని ఇంగ్లీషు నేర్చుకున్నాను. ఇది గొప్పకే చెబుతున్నాను. మైదానం నుంచి బదిలీ మీద వచ్చిన ఆఫీసర్లు "ఎక్కడ చదివావయ్యా?" అని అడిగితే "లైబ్రరీలో సార్" అనేవాణ్ణి. వాళ్లు నవ్వేవారు. నవ్వనివ్వండి.

రెండువేల దశకం చివర్లో అరకుకి బ్రాడ్‌బ్యాండ్ వచ్చింది. విశాఖలో ఏదో ఆఫీసు పాతవని తీసేసిన కంప్యూటర్లు రెండు నాకు దొరికాయి. వాటిని ముందుగదిలో పక్కపక్కన పెట్టి, మోడెమ్ నుంచి తీగలు లాగాను. లైబ్రరీలో లేని పుస్తకాలన్నీ ఇక ఆ గదిలో ఉన్నట్టే అనుకున్నాను. 

ఆ ఎండాకాలంలోనే మా అక్క కూతురు మా ఇంటికొచ్చి ఉంది. ఇంటర్ పరీక్షలు రాసేసింది. నర్సింగ్ కోర్సుకి పోవాలని దానికి పట్టుదల. వాళ్ల ఊళ్లో దాని పిన్ని ఒకావిడ కాన్పులో పోయింది. జీపు వచ్చేసరికి ఆలస్యమైంది. ఆ రోజు నుంచి దానిది ఒకటే మాట. కోర్సుకి దరఖాస్తు ఇంటర్నెట్‌లోనే పెట్టాలి, ప్రవేశ పరీక్షకి కావలసిన పాఠాలూ అక్కడే ఉన్నాయి. వాళ్ల ఊళ్లో కరెంటే నిలకడగా ఉండదు. అందుకని బావ దాన్ని మా ఇంట్లో దింపాడు. 

బావ మాట కూడా చెప్పాలి. వాళ్ల ఊరి ప్రార్థన మందిరంలో ఆయన పెద్ద. తాగడు, తాగినవాణ్ణి ఇంట్లోకి రానివ్వడు. ఊరికి నీళ్లు తెచ్చే కొండ ఊట పని కూడా ఆయనదే. ఏదైనా కళ్లతో చూస్తే తప్ప ఒప్పుకోడు, ఒకసారి చూశాక ఇంకోమాట వినడు. ప్రతి శుక్రవారం సంతకి వలిసె గింజలో, పిప్పళ్లో మోసుకొచ్చి, అమ్ముకుని, మధ్యాహ్నం మా ఇంటికి వచ్చి కూతుర్ని చూసి వెళ్లేవాడు.

మొదటి శుక్రవారమే గొడవైంది. మేనకోడలు రక్తప్రసరణ పాఠం తెరిచి వాళ్ల నాన్నకు గుండె బొమ్మ చూపిస్తోంది. ఆ గుండె పక్కన, ఒంటిమీద గుడ్డ సగం ఉన్న ఆడమనిషి కన్నుకొడుతూ ప్రత్యక్షమైంది. పాఠం రాసినవాడు పాఠంతోపాటు జాగా అమ్ముకున్నాడు. కొన్నవాడు ఈ బొమ్మ పెట్టాడు. ఆ రోజుల్లో మంచి పేజీల్లో కూడా ఇదే తంతు. బావ బొమ్మవైపు చూశాడు. నావైపు చూశాడు.

"ఏటిది బామ్మర్దీ?"

"అది యాడ్ బావా. వ్యాపారం వాళ్లు పెడతారు. పాఠానికీ దానికీ సంబంధం లేదు."

"సమ్మందం నేకపోతే పక్కన ఎందుకు కూకున్నాది?"

నేను ఆ పేజీ మూసేశాను.

"సూడు," అన్నాడు బావ, కూతురు వినేలాగే. "గుంట సదువుకోవాల. నాకూ ఉన్నాది ఆశ. కానీ ఇలాటివి దాని కళ్ల ముందు ఆడతా ఉంటే నాను ఒప్పుకోను. రాకండా సేయగలవా?"

"చేస్తాను."

"సేస్తే ఉంచుతాను. నేదంటే తీసుకెల్లిపోతాను. దరకాస్తూ నేదు, పరీచ్చా నేదు."

అంతే ఒప్పందం. నర్సు అవుతుందా, కాఫీ తోటల్లో పళ్లు కోస్తుందా అన్నది ఆ బొమ్మలను నేను ఆపగలనా లేదా అన్నదాని మీదికి వచ్చింది.

ఆదివారం రైలెక్కి విశాఖ వెళ్లాను. అక్కడ పెద్ద లైబ్రరీలో నెట్‌వర్కుల గురించి ఇటుకరాయంత ఇంగ్లీషు పుస్తకం ఉంది, బయటికి ఇవ్వనిది. అక్కడి లైబ్రేరియన్ నా మొహం చూసి, ఏమనుకున్నాడో, తెచ్చి ఇచ్చేయమని సంచిలో పెట్టేశాడు. తిరుగు రైల్లో సొరంగం వచ్చినప్పుడల్లా పుస్తకం మూసి, వెలుతురు రాగానే తెరిచి, కొండ ఎక్కేసరికి నాకు కావలసిన అధ్యాయం చదివేశాను.

దాని సారం ఇది. ఇంటర్నెట్‌లో ప్రతి చోటుకీ మనుషులు చదివే పేరొకటి, యంత్రాలు వాడుకునే నంబరొకటి ఉంటాయి. మనం పేరు కొడితే మన కంప్యూటర్ ముందుగా ఇంకో యంత్రాన్ని "ఈ పేరుకి నంబరెంత?" అని అడుగుతుంది. ఆ నంబర్లు చెప్పే ఏర్పాటుని డీఎన్‌ఎస్ అంటారు. మామూలుగా ఆ యంత్రం టెలిఫోన్ కంపెనీ దగ్గర ఎక్కడో ఉంటుంది. ఇక యాడ్లు పాఠం ఉన్న చోటి నుంచి రావు. వాటికి వేరే పేర్లు, వేరే నంబర్లు. కాబట్టి నంబర్లు చెప్పే యంత్రాన్ని మన ఇంట్లోనే పెట్టుకుని, యాడ్ల పేర్లు అడిగినప్పుడు మాత్రం దానిచేత అబద్ధం చెప్పిస్తే సరిపోతుంది. కంప్యూటర్ ఆ అబద్ధం నమ్మి, ఏమీ లేని చోటికి వెళ్లి, ఉత్త చేతులతో తిరిగొస్తుంది. యాడ్ రావాల్సిన జాగా తెల్లగా ఉండిపోతుంది.

అది చదివినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

నర్సరీ ఆఫీసులో చెదలు పట్టిన బల్ల కింద పడేసిన మూడో కంప్యూటర్‌ని అడిగి తెచ్చుకున్నాను. ఉచితంగా దొరికే లినక్స్ సాఫ్ట్‌వేర్ ఎక్కించాను. ఎవరో పుణ్యాత్ములు పోగుచేసి పెట్టిన యాడ్ల పేర్ల చిట్టాని అందులో పోశాను. దానికి తెర లేదు, కీబోర్డు లేదు. పని పూర్తయ్యాక తీసుకెళ్లి అటక మీద, ఉల్లిపాయల బుట్ట పక్కన పెట్టాను. డిస్కు ముసలిది. అందుకని ఓ గంటసేపు ఎవరూ ఏమీ అడగకపోతే డిస్కు తిరగడం ఆపి పడుకునేలా అమర్చాను. ఎవరు ఏ పేరు అడిగారో డిస్కు మీద నమోదు చేశాకే జవాబు చెప్పమన్నాను. ఏదైనా కొత్త యాడ్ తప్పించుకుంటే నాకు తెలియాలి కదా.

ఆఖరి పని మోడెమ్‌లో. ఇంట్లో కంప్యూటర్లు పేర్లకు నంబర్లు ఎవరిని అడగాలో మోడెమే వాటికి చెబుతుంది. దాని సెట్టింగుల పేజీలో రెండు గడులు ఉన్నాయి. మొదటి గడిలో నా అటక మీది యంత్రం నంబరు వేశాను. రెండో గడిలో టెలిఫోన్ కంపెనీ నంబరు ఉంచాను.

ఎందుకు ఉంచానో చెప్పాలి, అసలు కథ అక్కడే ఉంది కాబట్టి. అక్కవాళ్ల ఊరికి రెండు ఊటలు. పై ఊట నీళ్లు తాగడానికి. కింది ఊట పశువులు దిగేచోట ఉంటుంది. దాని గొట్టానికి చెక్క బిరడా కొట్టి ఉంచుతారు. పై ఊట ఎండితేనే ఆ బిరడా తీస్తారు. పై ఊట ఒక్క బొట్టు ఆడుతున్నా కింది దాని జోలికి ఎవరూ పోరు. కొండ మీద పుట్టినవాడెవడూ ఒక్క ఊటని నమ్ముకుని ఉండడు. రెండోది ఉండాలి, కానీ మొదటిది పూర్తిగా పోయిన రోజు కోసమే ఉండాలి. మేము పుట్టి పెరిగిన పద్ధతి ఇది. మోడెమ్ పేజీలో రెండో గడి కనిపించగానే నా బుర్రలో వెలిగినదీ ఇదే. ముసలి డిస్కు ఎప్పుడైనా చచ్చిపోతే, అమ్మాయి దరఖాస్తు ఆగిపోకూడదు. అందుకని రెండో ఊట.

వారమంతా బ్రహ్మాండంగా నడిచింది. పాఠాల పక్కన తెల్లటి జాగాలు. మా ఆవిడ వచ్చి చూసి, "ఇల్లు అలికినట్టుంది," అంది. మేనకోడలు రాత్రీ పగలూ చదివింది, అది పడుకున్నాక కూడా ఒక కంప్యూటర్ తెల్లవార్లూ పాఠాలు దించుకుంటూనే ఉండేది.

శుక్రవారం నర్సరీ సగం పూటే. కూలీలందరూ సంతకి పోతారు. మా ఆవిడ, మేనకోడలు పొద్దున్నే కంప్యూటర్లు ఆపేసి సంతకి వెళ్లారు, ఇల్లు తాళం. మధ్యాహ్నం బావతో కలిసి అందరం ఇంటికి చేరి అన్నాలు తిన్నాం. "చూపించవే మీ నాన్నకి," అన్నాను గొప్పగా. మేనకోడలు కూర్చుని పాఠం తెరిచింది. పేజీ రావడానికి మామూలు కంటే కాస్త తడబడింది. తర్వాత వచ్చింది. గుండె. పక్కనే కన్నుకొట్టే మనిషి.

మా ఆవిడ కొంగు తీసి తెరకి అడ్డం పెట్టింది.

"తీసెయ్ సెల్లీ, నాను సూసేసినాను," అన్నాడు బావ. ఆయన కోప్పడలేదు, అందుకే నాకు భయం వేసింది. "బామ్మర్దీ, వారం కిందట సేస్తానన్నావు. సేసినావా?"

"చేశాను బావా. వారమంతా రాలేదు. అడుగు దాన్ని."

"రానేదు నాన్నా, ఒట్టు," అంది మేనకోడలు.

"నానొచ్చిన రోజే వచ్చినాదేటి మరి? నా మీద పగా దానికి?"

ఆయన నవ్వాడు. ఆ నవ్వులో, మేమిద్దరం కలిసి ఆయన కళ్లు కప్పుతున్నామన్న అనుమానం ఉంది. ఇంకొక్క అవకాశం ఇస్తానన్నాడు. మళ్లీ కనిపిస్తే ఇక మాటల్లేవన్నాడు.

ఆ తర్వాత రోజుల్లో నేను ఆ యంత్రాన్ని శోధించిన తీరు చెబితే జాలి వేస్తుంది. ముందు చిట్టాని అనుమానించాను. ఆ యాడ్ పేరు అందులో లేదేమో అని. చూస్తే ఉంది. మొదటి పేజీలోనే ఉంది. అంటే అడిగితే అబద్ధమే చెప్పి ఉండాలి. మరి నిజం ఎవరు చెప్పారు? కంప్యూటర్ తన దగ్గర దాచుకున్న పాత బొమ్మనే మళ్లీ చూపించిందేమో అనుకుని, దాచుకున్నవన్నీ తుడిచేశాను. కాదేమో, విండోస్‌లో పురుగు పట్టిందేమో అని రెండు కంప్యూటర్లలోనూ మళ్లీ మొదటి నుంచి ఎక్కించాను. టెలిఫోన్ కంపెనీ ఆఫీసుకి వెళ్లి అడిగాను. అక్కడి ఉద్యోగి, మైదానం మనిషి, నా మాట సగంలో ఉండగానే, "యాడ్లొస్తే చూడకండి. కొండల్లో మీకు నెట్టొచ్చిందే గొప్ప," అన్నాడు. పక్క కుర్చీలో ఉన్నతను కిసుక్కుమన్నాడు. ఇటుకరాయంత పుస్తకం చదివినవాణ్ణి, నోరు మూసుకుని బయటికొచ్చాను.

ప్రతి మార్పు చేశాక పరీక్షించేవాణ్ణి. ఆ పాఠం తెరిచేవాణ్ణి, మూసేవాణ్ణి, మళ్లీ తెరిచేవాణ్ణి. వందసార్లు తెరిచినా తెల్లటి జాగానే. ఇంకో శుక్రవారం వచ్చింది. ఆ రోజు పొద్దుటి నుంచి ఉరుములు, ఈదురుగాలి. సంత సరిగ్గా కూడలేదు. మేమెవరం ఇల్లు కదల్లేదు. నేను పొద్దుటి నుంచీ కంప్యూటర్ ముందే ఉన్నాను. బావ తడిసి వచ్చాడు, తల తుడుచుకుంటూ చూశాడు. తెల్లగా ఉంది. మళ్లీ తెరవమన్నాడు. తెల్లగానే ఉంది.

"మంచిది," అన్నాడు. "దరకాస్తు ఎప్పుడు?"

"సర్టిఫికెట్టు చేతికి రాగానే బావా. వచ్చేవారం పెట్టేస్తాం. గడువు దాని తర్వాతే."

"బేగి కానీ."

నేను గెలిచాననుకున్నాను. ఏ మందు పనిచేసిందో మాత్రం తెలియదు. జ్వరం తగ్గింది కదా అని ఊరుకున్నాను.

తర్వాతి శుక్రవారం ఎండ కాసింది. సంత మామూలుగా నిండుగా కూడింది. ఆడవాళ్లు సంతకి, నేను నర్సరీకి. మధ్యాహ్నం అందరం ఇంటికి వచ్చి, అన్నాలు తిని, బావ చేతులు కడుక్కుని వచ్చి కూర్చున్నాడు. ఆ రోజు చూడ్డానికి కాదు. దరఖాస్తులో తండ్రి వివరాలు చెప్పడానికి వచ్చాడు. కొత్త చొక్కా వేసుకున్నాడు, దరఖాస్తులోకి తన ఫోటో కూడా వెళ్తుందనుకున్నాడు పాపం. కోర్సు వివరాలున్న పేజీ మేనకోడలు తెరిచింది. యంత్రం తడబడింది. పేజీ వచ్చింది. పేజీతోపాటు ఈసారి ఒకటి కాదు, మూడు. ఒకటి తెర మొత్తం కప్పేసి, మూయబోతే ఇంకోటి విప్పుకుంది.

బావ లేచాడు.

"పుస్తకాలు సద్దే."

"నాన్నా, నానేటి సేసినాను?"

"నువ్వేటీ సేయనేదు. అందుకే తీసుకెల్తన్నాను."

"అన్నయ్యా, ఒక్కరోజు ఆగు," అంది మా ఆవిడ. "దరకాస్తు పెట్టేసి తీసుకెల్లు. ఆ డబ్బా ఎలాగా తగలబెట్టేద్దుము."

"సెల్లీ, నీకు తెలీదు. ఊరంతా అడగతన్నారు, గుంటని ఎక్కడ పెట్టినావని. నాను మందిరంలో నిల్చుని ఊరికి బుద్ధులు సెప్పేవోణ్ణి. రేపు ఎవుడైనా ఈ గదిలోకి తొంగిసూస్తే నా మొకం ఎక్కడ పెట్టుకోవాల?"

"బావా, ఇది ఎందుకొస్తోందో కనుక్కుంటాను. దగ్గరికొచ్చాను."

"నువ్వు సదువుకున్నోడివి. కనుక్కో," అన్నాడు.

మేనకోడలు పుస్తకాలు సంచిలో పెట్టుకుంది. ఏడవలేదు. గుమ్మం దగ్గర చెప్పులు తొడుక్కుంటూ కంప్యూటర్ వైపు చూసింది, నావైపు చూడలేదు.

వాళ్లు వెళ్లాక నేను ఆ గదిలోనే కూర్చున్నాను. తెరమీద ఆ మూడు బొమ్మలు కన్నుకొడుతూనే ఉన్నాయి. వాటిని మూయబుద్ధి కాలేదు. చాలాసేపటికి మా ఆవిడ అటక మీది ఉల్లిపాయల కోసం స్టూలు ఎక్కింది.

"ఇదిగో, ఈ ముసిల్ది పడుకుంది మళ్లీ," అంది.

"ఏ ముసల్ది?"

"ఈ డబ్బాయే. అన్నాలయాక గుంట కూకున్నప్పుడు గుర్రుమని లేచినాది. ఇప్పుడు సడీ సప్పుడూ నేదు. రోజూ నువ్వు కూకున్నంతసేపూ గురకెడతానే ఉంటాది, ఉల్లిపాయలకొచ్చినప్పుడల్లా ఇంటాను. సంతకెల్లిన రోజే దీనికి నిద్ర."

నేను కుర్చీలోంచి లేచిన తీరుకి ఆవిడ స్టూలు మీద ఊగిపోయింది.

యంత్రాన్ని పడుకోనిచ్చి, ఆ యాడ్ పేరుకి నంబరెంతని కంప్యూటర్ చేత అడిగించాను. అటక మీద డిస్కు గుర్రుమంది. నమోదు చేయకుండా జవాబు చెప్పొద్దన్నాను కదా, అది లేచి, తిరిగి, నమోదు చేసేదాకా నోరు తెరవదు. నా కంప్యూటర్ అంతసేపు ఆగలేదు. క్షణం చూసి, రెండో గడిలో ఉన్న కంపెనీ నంబరుని అడిగింది. కంపెనీ యంత్రం ఉన్న నిజం చెప్పింది. బొమ్మ వచ్చింది. అంతేకాదు, తొందరగా జవాబు చెప్పినవాడే మంచివాడని ఆ తర్వాత కాసేపు కంపెనీనే అడుగుతూ కూర్చుంది.

అదీ సంగతి. మొదటి ఊట ఎండలేదు. కాస్త ఆలస్యంగా పారింది. మనిషైతే గొట్టం దగ్గర బిందె పెట్టి నిలబడతాడు. కంప్యూటర్‌కి ఆ మర్యాద తెలియదు. దానికి రెండోది అంటే ఆఖరిది కాదు, ఇంకోటి, అంతే. మా కొండ పద్ధతిని నేను దానికి అంటగట్టాను, అది ఏనాడూ ఒప్పుకోని పద్ధతిని. ఇంకా చేదైన సంగతి ఏమిటంటే, నేను పరీక్షించినంతసేపూ నా పరీక్షలే దాన్ని మేలుకొలిపి ఉంచాయి. తప్పు పట్టుకోవడానికి నేను దగ్గర కూర్చుంటే తప్పు జరిగేది కాదు. ఇల్లు తాళం వేసి సంతకి పోయిన రోజున, అన్నాలయ్యాక, బావ వచ్చి కూర్చున్న సరిగ్గా ఆ వేళకి జరిగేది. ఆయన అన్నది నిజమే. అది ఆయన వచ్చిన రోజే వచ్చేది.

బాగుచేయడానికి టీ తాగినంతసేపు పట్టలేదు. డిస్కు నిద్ర మాన్పించాను. నమోదు తీసేశాను. రెండో గడిలో కూడా నా యంత్రం నంబరే వేశాను. ఆ తర్వాత ఆ ఇంట్లో ఆ బొమ్మ ఒక్కటీ రాలేదు.

మర్నాడు పొద్దున్నే కొండెక్కాను. బావ కింది ఊట దగ్గర ఉన్నాడు. ఎండలకి పై ఊట సన్నగిల్లిందని గొట్టాలు చూస్తున్నాడు. నాకు అంతకంటే మంచి చోటు దొరకదనిపించింది. ఆ రెండు ఊటలనే చూపించి అంతా చెప్పాను. మొదటి గడి, రెండో గడి, ముసలి డిస్కు, సంతరోజు. ఒక్కముక్క దాచలేదు. ఆయన బిరడా మీద చెయ్యి పెట్టి శ్రద్ధగా విన్నాడు. నేను చెప్పింది ఆయనకి అర్థమైంది. అది నేను ఆయన కళ్లలో చూశాను.

"అంటే పై ఊట లేసే లోగా ఈ బిరడా ఊడిపోయినాదంతావు."

"అంతే బావా! ఇప్పుడు ఆ బిరడా లేదు, గొట్టమే లేదు. కావాలంటే సంతరోజు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నువ్వే వచ్చి కూర్చో. గడువు ఇంకా ఉంది. పంపించు."

ఆయన బిరడాని ఇంకో దెబ్బ కొట్టి బిగించాడు.

"నువ్వు సెప్పింది అబద్దమని నాను అనను," అన్నాడు చివరికి. "కానీ ఊళ్లో ఇంటింటికీ ఎల్లి ఈ గొట్టాల కతంతా నాను సెప్పగలనేటి? గుంటని తెచ్చేసినాననీ, ఎందుకు తెచ్చేసినాననీ అందరికీ తెలిసిపోనాది. మళ్లీ పంపితే ఏటంతారు? నాను మాట మీద నిలబడనోణ్ణంతారు."

"ఎవరో ఏదో అంటారని దాని బతుకు—"

"ఆపు. నువ్వు అరకులో ఉంటావు. నాను ఈడ ఉండాల."

మా అక్క వాకిట్లో సామలు దంచుతోంది. నన్ను చూసి దంపుడు ఆపలేదు. "గుంట తోటకెల్లింది," అంది. కాఫీ తోట కాలువలు తవ్వే పనికి ఊరి ఆడవాళ్లతో అప్పుడే పంపించేశారు.

గడువు దాటేదాకా నేను ఇంకా రెండుసార్లు కొండెక్కాను. దరఖాస్తు నేనే నింపుతాను, సంతకాలు పెడితే చాలన్నాను. బావ పెట్టలేదు. ఆ యేడు పోయింది. మరుసటి యేడు అడిగితే, ఇంక సదువెందుకులే అన్నారు. పెళ్లి చేశారు, ఇద్దరు పిల్లలు. మొన్న మొన్నటిదాకా నాకు అనిపిస్తుండేది, ఆయన నా మాట నమ్మకపోయి ఉంటే ఇంత కడుపు మండేది కాదని. నమ్మాడు. అర్థం చేసుకున్నాడు. అయినా పంపలేదు.

ఆ తర్వాత కొండమీద టవర్ వచ్చింది. ఇప్పుడు ఆ ఊళ్లో ప్రతి చేతిలోనూ ఫోను. మందిరం మెట్ల మీద కూర్చుని కుర్రాళ్లు పాటలు చూస్తుంటారు; పాటకీ పాటకీ మధ్య అదే మనిషి, అదే కన్ను కొట్టడం, ఇప్పుడు తెలుగులో కూడా. బావ వాళ్లని దాటుకుని లోపలికి వెళ్తాడు. ఎవరి చేతిలో ఫోనూ లాక్కోలేదు, ఎవరి పుస్తకాలూ సర్దించలేదు. ఆ కట్టుబాటంతా ఒక్క అమ్మాయికే సరిపోయి అయిపోయినట్టుంది.

సాయపడ్డవాళ్లను ఒక్కొక్కరినీ పేరుపెట్టి తలుచుకోవాలని ఉంది. పేర్లు రాయనన్నాను కాబట్టి ఎవరో వాళ్లకే తెలిసేలా చెబుతాను. బయటికి ఇవ్వకూడని పుస్తకాన్ని నా సంచిలో పెట్టిన విశాఖ లైబ్రేరియన్‌కి. అరకు కొట్టంలో తాళం చెవులు చేత్తో పట్టుకుని నేను పేజీ పూర్తిచేసేదాకా నిలబడిన ఇంకో లైబ్రేరియన్‌కి. చెదల బల్ల కింది యంత్రాన్ని అడగ్గానే ఇచ్చిన నర్సరీ సూపరింటెండెంట్‌కి. ఏ దేశంవాళ్లో తెలియదు, యాడ్ల పేర్లు పోగుచేసి ఊరికే పంచిపెట్టినవాళ్లకి. పుస్తకం చదివి కూడా నేను వినలేకపోయినదాన్ని స్టూలు మీద నిలబడి విన్న మా ఆవిడకి. నీళ్ల దగ్గర నా మాట చివరిదాకా విన్నందుకు బావకి కూడా; ఆ మాత్రం విన్నవాడు ఆయనొక్కడే.

మేనకోడలికి ఇది రాస్తున్నానని సంతలో చెప్పాను. నీ ఒక్కదాని పేరైనా వేస్తానే, నువ్వు ఒప్పుకుంటే, అన్నాను. చంకలో పిల్లని ఇటు నుంచి అటు మార్చుకుంది.

"వద్దులే మావయ్యా. ఇది సదివినోల్లు ఇప్పుడు నాకు సీటిత్తారేటి?" అని, చోళ్ల గింజల బేరం దగ్గరికి వెళ్లిపోయింది.